ఒక్కటి పీకలేకపోయారా?

2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఇద్దరు పేరుమోసిన ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్లపై లైంగిక వేధింపుల ఆరోపణలు ప్రచురించింది. బ్రూస్ వెబర్ మీద 15 మంది మోడళ్ళు, మారియో టెస్టినో మీద 13 మంది సహాయకులూ మోడళ్ళూ నోరు విప్పారు. అందరూ మగవాళ్ళే. ఫొటోగ్రాఫర్లిద్దరూ కాదన్నారు. వోగ్ ప్రచురించే కాండే నాస్ట్ వాళ్ళకు కొత్త పనులివ్వడం ఆపింది.

మా స్టాఫ్‌రూంలో ఈ సంగతి ఎత్తితే ఒక మాస్టారు నవ్వారు: "కండలున్న కుర్రాళ్ళు, ఒక్కటి పీకలేకపోయారా?" ఆడపిల్లయితే "అక్కడికెందుకు వెళ్ళింది?" అనేవారు. రెండు ప్రశ్నలూ శరీరాన్నే చూస్తాయి, కూలి సంబంధాన్ని చూడవు. కొడితే రేపు పని ఎవరిస్తారు? ఏజెన్సీల లెక్కలో మోడల్ ఉద్యోగి కాదు, స్వతంత్ర కాంట్రాక్టరు. అద్దె, విమానం టిక్కెట్టు ఏజెన్సీ ముందు పెట్టి సంపాదనలో కోసుకుంటుంది. (పాలేరు అప్పు తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.)

టెర్రీ రిచర్డ్‌సన్ మీద 2010 నుంచే మోడళ్ళు బాహాటంగా చెబుతున్నారు. ఆయన కాదన్నాడు. కాండే నాస్ట్ అంతర్జాతీయ విభాగం తలుపు మూసింది 2017 అక్టోబరులో, వైన్‌స్టీన్ ఉదంతం బద్దలయ్యాక. ఏడేళ్ళూ ఆ మాటలున్నాయి. వినకపోతే నష్టమని తేలాకే విన్నారు.

న్యూయార్క్ రాష్ట్రపు ఫ్యాషన్ కార్మికుల చట్టం 2025 జూన్‌లో అమల్లోకి వచ్చింది. ఫిర్యాదు చేసిన మోడల్ మీద ఏజెన్సీ కక్ష తీర్చుకోకూడదంటుంది. ఆ వార్త మా మాస్టారికి చూపించాను. "మోడళ్ళు కార్మికులేమిటండీ!" అన్నారాయన.