ఊరుస్: బరువు, వేగం, విచక్షణ

మోటారు వాహనాలలో చిరకాలంగా రెండు జాతులు వేరువేరుగా ఉంటూ వచ్చినవి. ఒకటి పందెపు కారు. నేలకు అంటుకుపోయినట్లు పొట్టిగా, తేలికగా ఉండి, వేగమొక్కటే పరమార్థంగా పుట్టినది. రెండవది జీపు వంశానికి చెందినది. ఎత్తుగా, బరువుగా ఉండి, బురదలోనూ రాళ్లలోనూ తొట్రుపడకుండా నడవడమే దాని గొప్ప. మొదటిదానిని పల్లెబాటకు దింపితే అడుగు భాగం నేలకు తగులుతుంది. రెండవదానిని మలుపులో వేగంగా తిప్పితే పక్కకు ఒరుగుతుంది. ఏనుగు బలమూ లేడి పరుగూ ఒక్క జంతువులో ఉండవని లోకం సరిపెట్టుకున్నట్లే, ఈ రెండు గుణాలూ ఒక్క బండిలో ఇమడవని ఇంజనీర్లు కూడా చాలాకాలం సరిపెట్టుకున్నారు.

అయితే గత పాతికేళ్లలో ఆ సరిహద్దు చెరిగిపోయినది. ఎస్.యు.వి. అని మనం పిలుచుకునే ఎత్తయిన వాహనాలలో కొన్ని, పందెపు కార్లతో సమానంగా పరుగెత్తుతున్నవి. ఇది ఎట్లా సాధ్యమైనది? వాటిని నడిపేవారికి ఏమి అనుభవమవుతుంది? ఇంత నైపుణ్యానికీ లొంగనిది ఏమైనా మిగిలి ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవడానికి ఒక్క వాహనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అది ఇటలీ దేశపు లంబోర్గీని సంస్థ 2017 డిసెంబరులో లోకానికి చూపిన ఊరుస్.

ఈ వంశవృక్షాన్ని ఒకసారి చూడవలసి ఉన్నది. 1970లో ఇంగ్లండులో వెలువడిన రేంజ్ రోవర్, పొలంలోనూ పట్నంలోనూ ఒకే తీరుగా నడవగల వాహనానికి బాట వేసినది. జర్మనీకి చెందిన పోర్షే సంస్థ 2002లో కయెన్ అనే ఎత్తయిన బండిని తయారుచేసినప్పుడు, పందెపు కార్ల అభిమానులు ముక్కున వేలు వేసుకున్నారు. లంబోర్గీని సంస్థ కథ మరీ చిత్రమైనది. దాని స్థాపకుడు ఫెరూచ్చో లంబోర్గీని మొదట ట్రాక్టర్లు చేసిన మనిషి. 1963లో కార్ల తయారీకి దిగినాడు. ఆయనది వృషభ రాశి కావడంచేత సంస్థ చిహ్నం కోడె అయినది. ఆ సంస్థ 1986లోనే తన పందెపు కారు ఇంజనును ఒక భారీ జీపు వంటి బండిలో అమర్చి ఎల్.ఎం. 002 అన్న పేరుతో అమ్మినది. 1993 వరకు అవి మూడు వందలకు పైగా మాత్రమే తయారైనవి. ఆ పాత కోరిక తీరినది ఊరుస్‌తోనే. ఊరుస్ అనగా మన పశువులకు మూలపురుషుడనదగిన అడవి వృషభం. ఆ జాతిలో చివరిది 1627లో పోలండులో మరణించినది.

ఇక బండి సంగతి. పొడవు 5 మీటర్లకు పైన, వెడల్పు 2 మీటర్లు, ఎత్తు 1.64 మీటర్లు, బరువు దాదాపు 2,200 కిలోలు. ఇంజను ఎనిమిది సిలిండర్లది, 4 లీటర్లది. శక్తి 650 అశ్వశక్తులు. ఒకప్పుడు మన రోడ్లను ఏలిన అంబాసిడరు పెట్రోలు ఇంజను సుమారు 50 అశ్వశక్తులది. అటువంటి పదమూడు ఇంజన్లు ఒక్క బండికి పూన్చినట్లు ఊహించుకోవచ్చు. నిలిచి ఉన్న చోటి నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి పట్టే కాలం 3.6 సెకండ్లు. గరిష్ఠ వేగం గంటకు 305 కిలోమీటర్లు.

ఇంత శక్తి నాలుగు లీటర్ల ఇంజనులో ఎక్కడినుండి వచ్చినది? ఇంజను బలం అది కాల్చే పెట్రోలును బట్టి ఉంటుంది. పెట్రోలు కాలడానికి గాలి కావాలి. కొలిమిలో తిత్తి ఊదితే నిప్పు రాజుకున్నట్లే, సిలిండర్లలోకి గాలిని బలవంతంగా ఊదితే చిన్న ఇంజను కూడా పెద్ద ఇంజను పని చేస్తుంది. ఈ పనిచేసే పరికరమే టర్బోచార్జరు. ఇంజను బయటికి వదిలే వేడి పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రానికి అదే ఇరుసు మీద ఉన్న మరొక చక్రం గాలిని లోపలికి నెట్టుతుంది. ఇటువంటి చక్రాలు నిమిషానికి లక్షసార్లకు పైగా కూడా తిరుగుతాయి. అయితే పొగ బలం పుంజుకునేవరకు తిత్తి ఊదదు. కాబట్టి పాత టర్బో బండ్లలో కాలు నొక్కిన తరువాత ఒక క్షణం జాప్యం తెలిసేది. ఊరుస్‌లో రెండు టర్బోలను సిలిండర్ల వరుసల నడుమనే అమర్చి, పొగ నడవవలసిన దూరాన్ని తగ్గించినారు. ఫలితంగా ఇంజను నిమిషానికి 2,250 చుట్లు తిరిగే సరికే తన పూర్తి లాగుడు బలాన్ని అందిస్తుంది.

స్టీరింగు ముందు కూర్చున్నవారికి ఇది ఎట్లా ఉంటుంది? మొదట తోచేది నెమ్మది. ఊరిలో మెల్లగా నడిపినంతసేపూ ఇది మర్యాద తెలిసిన పెద్దకారు. గేర్లు ఎనిమిది, అవి వాటంతటవే మారుతాయి. మారిన సంగతి కూడా తెలియదు. యాక్సిలరేటరును పూర్తిగా నొక్కిన నాడు మాత్రం స్వభావం మారుతుంది. వీపు సీటుకు అతుక్కుపోతుంది. లెక్క ప్రకారం ఆ మూడున్నర సెకండ్లలో మన బరువులో దాదాపు ఐదింట నాలుగు పాళ్లంత బలం మనలను వెనుకకు అదిమి ఉంచుతుంది. డెబ్బది కిలోల మనిషి గుండెలపై ఏబది అయిదు కిలోల మూట మోపినట్లు. నాలుగు చక్రాలూ నేలను పట్టి తోస్తాయి కాబట్టి చక్రాలు జారి వృథాగా తిరగడమంటూ ఉండదు.

పరుగు కంటె ఆశ్చర్యకరమైనది మలుపు. వరిగడ్డి ఎత్తుగా వేసిన బండి వాలుగట్టు మీద పోతున్నప్పుడు ఎట్లా ఊగుతుందో చూచినవారికి ఈ సమస్య వేరే చెప్పనక్కరలేదు. బరువు ఎంత ఎత్తున ఉంటే, పక్కకు ఒరగడం అంత సులభం. అందుచేతనే రైతు అటు పక్కన వేలాడి బండిని నిలబెట్టుకుంటాడు. మామూలు కార్లలో ఈ పనికై ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ ఒక ఉక్కు కమ్మీ ఉంటుంది. అది గట్టిగా ఉంటే బండి ఒరగదు. కాని ఒక చక్రం గుంటలో పడినప్పుడు ఆ కుదుపు రెండవ చక్రానికీ పాకుతుంది. మెత్తగా ఉంటే ప్రయాణం సుఖమే, మలుపులో ఒరుగుడు తప్పదు. ఊరుస్‌లో ఈ కమ్మీని నడిమికి విరిచి, ఆ చోట 48 వోల్టుల విద్యుత్తుతో పనిచేసే మోటారును పెట్టినారు. తిన్నని బాటలో మోటారు కమ్మీని వదులు చేస్తుంది. మలుపు రాగానే ఎదురు మెలివేసి బండిని నిటారుగా నిలుపుతుంది. గడ్డిబండి పక్కన వేలాడే రైతు చేసే పనినే, రెప్పపాటు కాలంలో, అలుపు లేకుండా చేసే యంత్రమిది.

దీనికి తోడు వెనుక చక్రాలు కూడా మూడు డిగ్రీల వరకు తిరుగుతాయి. మెల్లగా పోయేటప్పుడు ముందు చక్రాలకు ఎదురు దిక్కుగా తిరిగి, అయిదు మీటర్ల బండిని చిన్న బండివలె ఇరుకు సందులో మళ్లిస్తాయి. వేగంగా పోయేటప్పుడు ముందు చక్రాలతో పాటే తిరిగి, బండి తోక విసరకుండా కాపాడుతాయి. ఇవన్నీ కలిసి పనిచేసినప్పుడు కలిగే భావం ఒక్కటే: బండి తన బరువును ఎక్కడో వదిలివచ్చినట్లు తోస్తుంది.

నడక తీరును మార్చే మీటకు ఇటలీ వారు పెట్టిన పేరు తంబూరో. మన తంబురను తలపించినా, వారి భాషలో దాని అర్థం డోలు. దానిని తిప్పితే వీధికి స్ట్రాడా, పందెపు బాటకు కోర్సా, మంచుకు నేవె, మట్టినేలకు టెర్రా, ఇసుకకు సబ్బియా అన్న తీరులు వరుసగా వస్తాయి. గాలి నింపిన స్ప్రింగులు అవసరాన్ని బట్టి నేల నుండి బండి ఎత్తును 158 మిల్లీమీటర్ల నుండి 248 మిల్లీమీటర్ల వరకు మార్చుతాయి.

ఇంతవరకు చెప్పినది మానవుని తెలివికి నిదర్శనం. ఇక లొంగనిదాని సంగతి. యంత్రం బరువును మరిపించగలదే గాని మాయం చేయలేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే వస్తువులో ఉండే శక్తి, అదే వస్తువు 39 మీటర్ల ఎత్తు నుండి, అనగా పదమూడు అంతస్తుల మేడపై నుండి పడినప్పుడు నేల తాకే క్షణాన ఉండే శక్తితో సమానం. వేగం రెట్టింపయితే ఈ ఎత్తు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 200 కిలోమీటర్ల వద్ద అది 157 మీటర్లు. గరిష్ఠ వేగమైన 305 వద్ద 366 మీటర్లు, పారిస్‌లోని ఈఫిల్ గోపురం కంటె ఎక్కువ. రెండు టన్నులకు మించిన లోహం అంత ఎత్తు నుండి పడుతున్నదని తలచుకుంటే వేగమన్నది ఏమిటో బోధపడుతుంది.

ఈ శక్తినంతటినీ బ్రేకులు వేడిగా మార్చి గాలిలో కలపవలసి ఉన్నది. అందుకే ఊరుస్ ముందు చక్రాలకు 44 సెంటీమీటర్ల వ్యాసం గల కార్బన్ సిరామిక్ బిళ్లలు అమర్చినారు. ఎర్రగా కాగినా అవి పట్టు సడలవు. 100 కిలోమీటర్ల వేగం నుండి 33.7 మీటర్లలో బండి ఆగుతుందని సంస్థ ప్రకటించినది. ఇది మెచ్చదగిన సంగతే. కాని కంటికి కనిపించిన ప్రమాదం బుద్ధికి చేరి, కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకండు పడుతుందనుకుందాం. ఆ సెకండులోనే బండి 28 మీటర్లు ముందుకు పోతుంది. మొత్తం 62 మీటర్లు. అదే 200 వద్ద అయితే, ఇదే లెక్కన 190 మీటర్లు. పైగా ఇది పొడిగా ఉన్న మంచి రోడ్డు మీది మాట. తొలకరి జల్లుకు దుమ్మూ నూనే కలిసి జారే రోడ్డు మీద ఈ లెక్కలు నిలవవు.

ఇక్కడ చాలామంది భ్రమపడే విషయం ఒకటి ఉన్నది. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే బండి వానలో కూడా క్షేమమని అనుకుంటారు. ఆ ఏర్పాటు బండిని కదిలించడానికే గాని ఆపడానికి కాదు. ఆపే విషయంలో ప్రతి కారుకూ నాలుగు చక్రాల బ్రేకులే, ప్రతి కారుకూ టైరు పట్టే దిక్కు. తడిలో చప్పున కదిలే బండి, తడిలో చప్పున ఆగుతుందని నమ్మడం కంటె ప్రమాదం లేదు.

ధ్వనితో బతికే ఉద్యోగం మాది. కనుక శబ్దాన్ని గురించి ఒక మాట. పాత కారు 80 కిలోమీటర్లు దాటగానే అరిచేది, వణికేది, తలుపులు గలగలలాడేవి. అవి లోపాలే, కాని నడిపేవానికి అవే హెచ్చరికలు కూడా. ఒరుగుడు, కుదుపు, గాలి హోరు అనే మూడు సాక్షులు వేగం పెరిగిందని చెప్పేవి. ఇటువంటి ఖరీదైన వాహనాలలో ఆ సాక్షులను ఒక్కొక్కరినే నోరు మూయించినారు. ఎత్తున కూర్చున్నవారికి నేల దూరంగా ఉండి, దాని పరుగు కంటికి మెల్లగా తోస్తుంది కాబట్టి నాలుగవ సాక్షి అయిన కన్ను కూడా తప్పు చెబుతుంది. 2024లో వెలువడిన ఊరుస్ ఎస్.ఇ. అనే కొత్త రూపంలో పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు కూడా చేరి, శక్తి 800 అశ్వశక్తులయినది. అది అరవై కిలోమీటర్లకు పైగా ఇంజను చప్పుడే లేకుండా కూడా పోగలదు. ఇక నిజం చెప్పే సాక్షి స్పీడోమీటరు ముల్లు ఒక్కటే.

ఇది కోటీశ్వరుల బండి, మనకేమి సంబంధమని అనుకోరాదు. 2018 జనవరిలో ఊరుస్ మన దేశంలో విడుదలైనప్పుడు ధర మూడు కోట్ల రూపాయలు. దానిని కొనేవారు కొద్దిమందే. కాని ఎత్తయిన, బరువైన, బలమైన బండ్లపై మోజు అన్ని ధరల స్థాయిలకూ పాకినది. ఆ బండి కొనని వారు కూడా దాని ఎదుట రోడ్డు దాటవలసినవారే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినారు. అందులో 32 వేలకు పైగా కాలినడకన పోయేవారు. అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 2023లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ముందు భాగం మీటరుకు మించిన ఎత్తున్న వాహనాలు ఢీకొన్నప్పుడు, పొట్టిగా ఏటవాలుగా ఉన్న వాటితో పోల్చితే పాదచారి మరణించే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. పొట్టి కారు కాళ్లకు తగులుతుంది. ఎత్తయినది ఛాతీకి, తలకు తగులుతుంది. చిన్నపిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి ఇటువంటి వాహనం చేతికి వచ్చినవారు, అది ఏ ధరదైనా సరే, కొన్ని నియమాలు పెట్టుకోవడం మంచిది. వేగాన్ని శరీరం చెప్పేదానిని బట్టి కాక, ముల్లును చూచి తెలుసుకోవలెను. ముందు బండికీ మనకూ మధ్య కనీసం మూడు సెకండ్ల ఎడం ఉంచవలెను. వాన పడితే దానిని రెట్టింపు చేయవలెను. టైర్ల అరుగుదలనూ గాలినీ శ్రద్ధగా చూచుకోవలెను, ఎందుకంటే ఇంత యంత్రాంగమూ చివరికి నేలను ముట్టేది అరచేయంత అరచేయంత నాలుగు రబ్బరు ముక్కలతోనే. వెనుక సీటులో కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవలెను.

ఫెరూచ్చో చేసిన మొదటి ట్రాక్టరు మెల్లగా నడిచేది, ఎంత బలమున్నదో చప్పుడుతోనే చెప్పేది. ఆయన పేరు పెట్టుకున్న ఈ అడవి వృషభం తన బలాన్ని దాచుకుని, పెంపుడు ఆవువలె సాధువుగా నడుస్తుంది. పగ్గం దాని మెడలో లేదు, నడిపేవాని విచక్షణలోనే ఉన్నది.