ఒక్క అమైనో ఆమ్లం మారితే రక్తమే మారుతుంది

పప్పు, గుడ్డు, మాంసం.. ఏది తిన్నా అందులోని ప్రోటీన్ ఉన్నదున్నట్టు ఒంటికి పట్టదు. కడుపులో, పేగుల్లో అరిగి అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలుగా విడిపోతుంది. వాటితో శరీరం తనకు కావాల్సిన ప్రోటీన్లను మళ్లీ కొత్తగా అల్లుకుంటుంది.

ఈ అల్లికకు వాడేవి 20 రకాల అమైనో ఆమ్లాలు. వాటిలో 9 తిండి ద్వారానే అందాలి. ఏది ముందు, ఏది వెనుక అన్నది తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులు నిర్ణయిస్తాయి. దండలా తయారైన ఈ గొలుసు ఆ తర్వాత ముడుచుకుంటుంది. నీళ్లంటే ఇష్టపడే ఆమ్లాలు ఎక్కువగా పైకి, నూనె గుణం ఉన్నవి లోపలికి సర్దుకుంటాయి. అలా వచ్చిన ఆకారమే ప్రోటీన్ చేసే పనిని నిర్ణయిస్తుంది.

ఉర్దూలో ఒక్క నుక్తా చోటు మారితే మాటే మారిపోతుంది కదా! ఇక్కడా అంతే. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులుంటాయి. వాటిలో బీటా గొలుసులు రెండు, ఒక్కోదానిలో 146 అమైనో ఆమ్లాలు. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. దాని బదులు వేలిన్ చేరితే సికిల్ సెల్ జబ్బు వస్తుంది. ఈ మార్పును 1957లో వెర్నాన్ ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త కనుగొన్నారు.

వేలిన్‌ది నూనె గుణం. అందుకే ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని పోగుల్లా మారతాయి. గుండ్రటి ఎర్ర కణం కొడవలిలా వంగిపోతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని భరించలేని నొప్పులు తెస్తుంది. మామూలుగా 120 రోజులు బతకాల్సిన కణం 10 నుంచి 20 రోజులకే చనిపోతుంది. అందుకే రక్తహీనత.

మారిన జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే సాధారణంగా జబ్బు కనిపించదు. ఇద్దరిలోనూ అది ఉంటే మాత్రం ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. తెలుగు రాష్ట్రాల్లో ఇది గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. కానీ తలసేమియా కూడా ఇదే తీరులో సంక్రమిస్తుంది, అది ఏ కుటుంబంలోనైనా ఉండొచ్చు. దగ్గరి బంధువుల్లో ఒకే జన్యువు ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, మేనరికాలు, చిన్నాన్న-పెదనాన్న పిల్లల సంబంధాలు చేసుకునే ఇళ్లలో మరింత జాగ్రత్త అవసరం.

హిమోగ్లోబిన్ శాతం చూసే మామూలు రక్తపరీక్ష దీనికి సరిపోదు. హెచ్‌పీఎల్‌సీ లేదా హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ చేయించాలి. రిష్తా ఖాయం చేసుకునే ముందే ఇద్దరికీ ఈ పరీక్ష జరిగితే, పుట్టబోయే బిడ్డ గురించి డాక్టర్‌తో ముందుగానే మాట్లాడుకోవచ్చు.