బొమ్మ కాని విమానము



మన యిండ్లలో మగపిల్లవానికి విమానపు బొమ్మను, ఆడుపిల్లకు లక్కపిడతలను కొనియిచ్చుట చిరకాలముగా వచ్చుచున్న వాడుక. దీని నెవరు పెట్టిరో తెలియదు గాని, దీనివలన కలిగిన నష్టము మాత్రము మన బాలికలది. నిజమైన విమానమును చూచి, దాని కొలతలన్నిటిని ఒకే దామాషాలో తగ్గించి, చిన్న విమానమును నిర్మించి, నేలమీద నిలిచి రేడియో సాయమున దానిని ఆకాశమున నడపు విద్య యొకటి కలదు. పలుదేశములలో పిన్నలు పెద్దలు దీని నెంతో శ్రద్ధతో అభ్యసించుచున్నారు. ఇది మగవారి ముచ్చట యని మనము దూరముగా తొలగుచున్నాము. ఇందు కావలసిన పనితనములో చాలభాగము మన చేతులకు తరతరములుగా అలవడినదే యని చూపుట నా యుద్దేశము.

రైటు సోదరులు 1903వ సంవత్సరమున విమానములో మొదటిసారి యెగిరిరని మనమందఱము ఎఱుగుదుము. అంతకు పాతికేండ్ల ముందు, 1878లో, వారి తండ్రి వెదురు, బెండు, కాగితములతో చేసి రబ్బరు పట్టీతో తిరుగునట్టి యొక యెగురు బొమ్మను ఇంటికి తెచ్చెను. పిల్లలు దానితో ఆడి ఆడి, అది విరిగిన పిదప అటువంటివానిని తామే చేయసాగిరి. తండ్రి విద్యావంతుడే గాని, ఆయనకు చేతిపని అంతగా రాదు. తల్లి సుసాన్ బండ్లు చేయువాని కూతురు. పుట్టినింటి పనిశాలలో పనిముట్ల వాడుక నేర్చినది. ఇంటికి కావలసిన చిన్న పరికరములను, పిల్లల ఆటవస్తువులను స్వయముగా చేసెడిది. యంత్రముల విషయమున సందేహము కలిగినపుడు ఆ బాలురు తల్లికడకే పోయెడివారు. విమానకథకు మొదట నొక తల్లి చేతిపని యున్నదని మన పాఠ్యపుస్తకములు ఎంతమాత్రము చెప్పుచున్నవి?

ఆ బాలురు బొమ్మను పెద్దదిగా చేసినకొలది అది సరిగా ఎగురలేదు. కారణము వారికి అప్పుడు తెలియలేదు. మనకు వంటయింటిలోనే తెలియును. లడ్డు అడ్డుకొలత రెట్టింపు చేసితిమా, దానిని చుట్టు కాగితము నాలుగు రెట్లు చాలును. పిండి మాత్రము ఎనిమిది రెట్లు పట్టును. విమానమును పెంచినను తగ్గించినను ఇదే లెక్క. రెక్కల వైశాల్యము ఒకవిధముగా మారును. బరువు మఱియొక విధముగా మారును. ఈ తేడాను గ్రహించుటయే ఈ విద్యకు ఓనమాలు.

ఉదాహరణమునకు టైగర్ మాత్ అను విమానమును తీసికొందము. దీనిని 1931లో ఇంగ్లండునందు డి హావిలండు కంపెనీవారు మొదట ఎగురవేసిరి. తరువాత ఎనిమిదివేలకు పైగా తయారైనవి. పైన నొక జత, క్రింద నొక జత రెక్కలు. ముందు వెనుకలుగా, పైకప్పు లేని రెండు ఆసనములు. రెక్కల కొననుండి కొనకు 29 అడుగుల 4 అంగుళములు. వట్టి విమానము బరువు సుమారు 1,115 పౌనులు. దీనిని నాల్గవవంతు కొలతకు చేసినచో రెక్కలు 7 అడుగుల 4 అంగుళములగును. బరువు నాల్గవవంతు కాదు. 64వ వంతు, అనగా సుమారు పదునేడున్నర పౌనులు, 8 కిలోలకు రవంత తక్కువ. రెక్కల వైశాల్యము 16వ వంతు. కావున రెక్కయందలి ప్రతి చదరపు అడుగు మోయవలసిన బరువు నాల్గవవంతే యగును; గాలిలో నిలుచుటకు అసలు విమానమునకు కావలసిన వేగములో సగము చాలును. కట్టువారు బరువు హెచ్చనిచ్చినచో ఈ లాభము పోయి, విమానము తొందరపాటుతో ఎగిరి, తొందరపాటుగానే నేల కూలును. అందుచేత వారు బంగారము తూచు కంసాలివలె ప్రతి కఱ్ఱముక్కను తూచి వేయుదురు.

ఇక కట్టుట యెట్లన, ముందుగా అసలు విమానపు పటములను, ఛాయాచిత్రములను సేకరింతురు. బాల్సా యను మిక్కిలి తేలికయైన కఱ్ఱను పలుచగా కోసి, రెక్కలకు పక్కటెముకలవంటి ముక్కలను చేసి, పటముమీదనే పఱచి జిగురుతో అతుకుదురు. బలము కావలసినచోట గట్టి కఱ్ఱను వాడుదురు. అస్థిపంజరము సిద్ధమైన పిమ్మట దానిమీద గుడ్డ కప్పవలెను. పూర్వము సన్నని పట్టుబట్టను కప్పి, డోపు అను వార్నిషువంటి ద్రవమును పూసి బిగింపజేసెడివారు. ఇప్పుడు వేడి తగిలిన ముడుచుకొను గుడ్డను పఱచి చిన్న యిస్త్రీపెట్టెతో అదుముచున్నారు. ముడుత పడకుండ, రెక్క మెలితిరుగకుండ, అంచులు విడకుండ గుడ్డను బిగించుట యెవరికి చేతనగునో మీరే చెప్పుడు.

అసలు విమానములకు గుడ్డ కప్పినదియు మన తోడి స్త్రీలే. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండునందలి కర్మాగారములలో వేలకొలది స్త్రీలు ఐర్లండు నారబట్టను రెక్కలకు తొడిగి కుట్టిరి. ఒక్కొక్క పక్కటెముకను చుట్టి మైనపుదారముతో ముడివేసి, ఆ ముడులమీద అంచులు పండ్లవలె కత్తిరించిన నాడాను అంటించెడివారు. ఆనాటి డోపులో కొన్నింట టెట్రాక్లోరోఈథేను అను విషము కలిసియుండెను. దాని ఆవిరి పీల్చి అనేకులు కామెరలపాలైరి. కొందఱు ప్రాణములు కోల్పోయిరి. పిదప ఆ విషమును మానిపించిరి. నేడు నమూనా విమానమును కట్టువాడు రెక్కమీద దారపు ముడులను, పండ్ల నాడాను చిన్నవిగా చేసి అతికించి మురియుచున్నాడు. ఆ ముడులు మొదట ఎవరి వ్రేళ్లు వేసినవో మనము మఱువరాదు. ఇంటిలో రంగులు, వార్నిషులు పూయునపుడు కిటికీలు తెఱచియుంచవలెననియు, చంటిపిల్లలను ఆ గదిలోనికి రానీయరాదనియు ఆ స్త్రీల కష్టమే మనకు నేర్పుచున్నది.

నమూనా యనిపించుకొనుటకు పోలిక చాలదు, సత్యము కావలెను. టైగర్ మాత్‌కు ప్రక్కలకు ఒరుగజేయు కదలు పలకలు క్రింది రెక్కలకు మాత్రమే యుండును. పై రెక్కలకు పెట్టినచో తప్పు. ఇంధనపు తొట్టి పై రెక్కల నడుమ నుండును. అంతర్జాతీయ పోటీలలో పరీక్షకులు పటములను, ఛాయాచిత్రములను చేతబట్టుకొని ఆకారము, రంగు, గుర్తులు, పనితనము సరిచూచి మార్కులిత్తురు. ఆ పిమ్మట దానిని ఎగురవేయించి, అసలు విమానమువలె లేచినదా, తిరిగినదా, దిగినదా యని చూతురు. ఎఫ్ 4 సి యను ప్రధాన తరగతిలో, పోటీచేయువారు స్వయముగా కట్టిన విమానమునే తేవలెను. ధనముతో కొన్నది పనికిరాదు.

నడపు విధానము వినుడు. చేతిలోని పెట్టెకు రెండు చిన్న పుల్లలుండును. వానిని కదల్చినపుడు పెట్టెనుండి రేడియో తరంగములు వెడలును. విమానములోని గ్రాహకయంత్రము ఆ సంకేతమును పట్టుకొని సర్వో లను చిన్న మోటారులకు అందించును. అవి కడ్డీలను లాగి చుక్కానిని, తోకపలకను, రెక్కపలకలను కదల్చును. ఇంజను వేగమును మార్చును. అమెరికాలో గుడ్ అను ఇంటిపేరుగల కవలసోదరులు 1937లో ఎగురవేసిన గఫ్ అను విమానము ఈ విద్యకు తొలి గుర్తులలో నొకటిగా స్మిత్సోనియన్ ప్రదర్శనశాలయందు భద్రముగా నున్నది. ఒకప్పుడు ఇద్దఱు ఒకే తరంగమున పెట్టెలు నడిపినచో విమానము కూలెడిది. అందుకై మైదానమున నొక బల్ల పెట్టి, ఎవరి తరంగమునకు వారు గుర్తు తగిలించుకొనెడి నియమముండెను. ఇప్పటి 2.4 గిగాహెర్ట్‌జ్ యంత్రములు తమ తరంగమును తామే సర్దుకొనుచున్నవి.

మన టైగర్ మాత్ వంశమునకు రేడియోతో మఱియొక చుట్టఱికము కలదు. 1935లో బ్రిటిషువారు దీని రెక్కలను కఱ్ఱశరీరమునకు తగిలించి, మనిషి లేకుండ రేడియోతో నడచు విమానమును చేసి, ఫిరంగిదళము గురి నేర్చుకొనుటకు వాడిరి. నేలమీదివాడు టెలిఫోనువలె అంకెల చక్రమును త్రిప్పి దానికి ఆజ్ఞల నిచ్చెడివాడు. దానికి రాణి ఈగ యని అర్థము వచ్చునట్లు క్వీన్ బీ యని పేరిడిరి. మగ తేనెటీగకు ఇంగ్లీషున డ్రోను అని పేరు. నేడు పెండ్లిపందిళ్లమీద ఛాయాచిత్రములు తీయు డ్రోనులకు ఆ పేరు ఈ రాణి ఈగవలననే వచ్చినదని చెప్పుదురు.

ఈ మాత్‌లను స్త్రీలు నడపలేదా? 1936లో లాహోరునందు సరళా థుక్రాల్ అను నిరువదియొక్క యేండ్ల యువతి, చీర కట్టుకొని, టైగర్ మాత్‌కు అక్క వరుసయగు జిప్సీ మాత్‌ను ఒంటరిగా ఎగురవేసినది. అప్పటికే ఆమె నాలుగేండ్ల బిడ్డకు తల్లి. 1940 జనవరిలో పాలిన్ గోవర్ నాయకత్వమున ఇంగ్లండునందు ఎనిమిదిమంది స్త్రీలు చేరి, పైకప్పు లేని టైగర్ మాత్‌లను కఱకు చలికాలమున దూరపు స్కాట్లండువఱకు నడిపి చేర్చిరి. 1943నాటికి ఆ సంస్థలోని స్త్రీలకు పురుషులతో సమానమైన జీతము లభించినది. ఆ యుద్ధకాలముననే మన హైదరాబాదు బేగంపేటలోను విమానవిద్య నేర్చువారు టైగర్ మాత్‌లమీద తొలిపాఠములు నేర్చిరి. కావున ఈ చిన్న విమానము మనకు పరాయిది కాదు.

మీ రడుగవచ్చును: ఏండ్లతరబడి శ్రమించి కట్టినదానిని గాలిలోనికి వదలుట యేల? గాజుబీరువాలో పెట్టి చూచుకొనరాదా? మొదటినాడు మైదానమున ప్రతి నిర్మాతకును ఈ ప్రశ్నయే కలుగును. రెక్కల క్రింద వ్రేళ్లుంచి యెత్తి త్రాసు చూచుకొనును. తోక బరువైనచో మొదటి యెగురుటయే తుది యెగురుట కావచ్చును. పలకలన్నియు సరియైన దిక్కునకు కదలుచున్నవో లేవో మఱల మఱల చూచుకొనును. ఇంజను మ్రోగును. చక్రములు గడ్డిమీద పరుగెత్తి, వెలుతురు నేలకు విమానమునకు నడుమ దూరును. అప్పుడు చేతులు వణకని వారుండరు. విమానము దూరమగునపుడు కుడి కుడియే. మనవైపు తిరిగి వచ్చునపుడు కుడి యెడమయగును. అద్దములో చూచుకొని పాపట తీయుటకు అలవాటుపడిన మనకు ఈ తికమక క్రొత్తది కాదు. కొన్ని మొదటినాడే కూలును. తుంటలు ఏఱుకొని ఇంటికి తెచ్చి, జిగురుగిన్నె తీసి మఱల కూర్చుందురు. గాజుబీరువాలోని విమానము తన లెక్క తప్పో ఒప్పో ఎన్నటికిని చెప్పదు. గాలి మాత్రము ముఖము చూడదు, బంధుత్వము చూడదు, ఆడు మగ తేడా అసలే చూడదు. కట్టినచేయి సరిగా కట్టినదా యని యొక్క ప్రశ్నయే అడుగును. అటువంటి పరీక్ష మన బాలికలకు ఎన్నిచోట్ల దొరకుచున్నది?

మీ యింట పదిపండ్రెండేండ్ల బాలిక దీనియందు ఆసక్తి చూపినచో, ఒక్కమారు దామాషా విమానమునకు దిగనీయకుడు. మొదట రబ్బరు పట్టీతో నెగురు కాగితపు విమానము. పిదప కంప్యూటరుమీద నడపు అభ్యాసము. ఆ పిదప రెక్క పైభాగమున నుండు సాదా శిక్షణ విమానము, ప్రక్కన నొక గురువు. ఆ మీదట టైగర్ మాత్. తిరుగు ప్రొపెల్లరు కత్తివంటిది. దాని యెదుటను, ప్రక్కను ఎవరిని నిలువనీయరాదు. జడను ముడివేసికొని, పైటను, చున్నీని బిగించుకొననిదే ఇంజను దగ్గఱకు పోరాదు. లిథియము బ్యాటరీలను విద్యుత్తు ఎక్కించుచు విడిచిపోరాదు, అవి అంటుకొనవచ్చును. జనముమీద ఎగురవేయరాదు. మన దేశమున 2021 నాటి డ్రోను నియమములున్నవి. విమానాశ్రయ పరిసరముల వంటి నిషేధస్థలములను పటమున చూచుకొని, కంటికి కనబడు మేరలోనే నడపవలెను. ఎన్.సి.సి. వైమానిక విభాగమున ఈ విద్యను నేర్పుచున్నారు. అందు బాలికలకును చోటున్నది.

సోదరులారా యని పిలిచి చెప్పవలసిన మాట యొకటి మిగిలినది. దానిని మీరే మీ యింట చెప్పుడు. అన్న బల్లమీద పటము పఱచి కఱ్ఱ కోయుచుండగా చెల్లెలు చేరవచ్చినచో, “నీకేల, పో” యని తఱుమకుండ, ఒక కత్తెర, ఒక గుడ్డముక్క ఆమె చేతికిచ్చి చూడుమని చెప్పుడు. సుసాన్ రైటు చేతికి ఆమె తండ్రి పనిముట్లు ఇచ్చెను. తరువాతి కథ లోకమంతయు చూచినది.