ఆసు యంత్రము

తీరిక లేక అటునిటు తిరుగువానిని చూచి "ఆసులో కండె వలె తిరుగుచున్నాడు" అని తెలుగువారందురు. ఈ మాట నెరిగినవారిలో ఆసును కన్నులార చూచినవారు కొలదిమందియే. ఆసు అనగా నేతకు ముందు నూలును వరుసలుగా పోసికొను సాధనము. అందు పలు విధములు కలవు. ఇచ్చట చెప్పబోవునది తెలంగాణములోని పోచంపల్లి, పుట్టపాక మొదలగు గ్రామములలో చిటికి చీరలకై వాడు ఆసును గూర్చి.

చిటికి నేతను లోకము నేడు ఇకత్ అని పిలుచుచున్నది. ఆ పేరు ఇండోనేషియా వారి భాషనుండి వచ్చినది. కట్టుట యని దాని యర్థము. పని తీరంతయు ఆ మాటలోనే ఉన్నది. ఇతర వస్త్రములపై బొమ్మలను నేసిన పిదప అద్దుదురు, లేదా నేయునపుడే రంగు నూలుతో తీర్చుదురు. చిటికిలో అట్లు గాదు. నూలు మగ్గమెక్కక మునుపే బొమ్మ దానిలో దాగియుండవలెను. అందులకై పేక నూలును చీర వెడల్పునకు తగినట్లు పరచి, పోగులను గుంపులుగా కూర్చి, గుర్తులు పెట్టి, రంగు సోకరాని తావులను రబ్బరు పేలికలతో బిగించి కట్టి, రంగు తొట్టిలో ముంచుదురు. ఆరిన పిదప కొన్ని కట్లు విప్పుదురు, కొన్ని క్రొత్తగా కట్టుదురు, మరల ముంచుదురు. ఎన్ని రంగులో అన్ని మారులు ఈ పని జరుగవలసినదే. లేత రంగులు ముందు, ముదురు రంగులు తరువాత.

ఇట్లు సిద్ధమైన నూలును చూచినవానికి బొమ్మ యేదియు కానరాదు. ఎరుపు, తెలుపు, నలుపు మచ్చలు మాత్రమే కనబడును. ఆ నూలును కండెలకు చుట్టి, నాడెలో పెట్టి, నేతగాడు మగ్గమున కూర్చుండును. ఒక పోగు సాగును; దాని ప్రక్కన మరియొకటి. మచ్చ ప్రక్కన మచ్చ చేరి మెల్లమెల్లగా చిలుక ముక్కు, ఏనుగు తొండము పైకి తేలును. పోగు ఇసుమంత జరిగినను చిలుక ముక్కు చెదరిపోవును. కావున ప్రతి పోగునకును నేతగాడు అంచుకడ దానిని సవరించి, గుర్తు గుర్తుతో కలిసినదని చూచి, అటుపిమ్మటనే పలక నడుగును. ఎంత నేర్పరి నేసినను బొమ్మ యంచు ఒకింత మసక బారును. రంగు కట్టు క్రిందికి కొంచెము ప్రాకుటయే ఇందులకు కారణము. ఆ మసకయే చిటికికి అందము. బొమ్మ పైకి తేలునపుడు దానిని మొదట చూచువాడు నేతగాడే. ఈ వృత్తిలో కూలి ఎంత తక్కువైనను కొందరిని మగ్గము విడువనీయని సంతోషమిదియే.

కాని ఈ సంతోషము మగ్గము కడ కూర్చున్నవానిది. ఆసు కడ నిలిచినవారి సంగతి వేరు. చట్రమున ఒకవైపు ఒక మేకు, దాని కెదురుగా అర్ధచంద్రాకారమున వరుసగా మేకులు. చేత నూలు పట్టుకొని ఈ కొననుండి ఆ కొనకు, ఆ కొననుండి ఈ కొనకు పోవుచు ఒక్కొక్క మేకునకే తగిలింపవలెను. ఒక్కొక్కమారు చేయి సాగవలసిన దూరము సుమారు ఒక మీటరు. ఒక్క చీరకు ఇట్లు 9,000 మారులు. నాలుగైదు గంటలు పట్టును. లెక్కించి చూచినచో ఒక చీర ముగియునప్పటికి చేయి తొమ్మిది కిలోమీటర్లకు తక్కువ గాకుండ పయనించినట్లే. లెక్క తప్పినచో బొమ్మయే తప్పును గనుక చూపు మరల్చుటకును వీలులేదు. ఈ పని పెక్కిండ్లలో స్త్రీలది. చీరను చూచి కొన్నవారు నేసినవాని నేర్పును మెచ్చుకొందురు. భుజములు నొచ్చిన యిల్లాలిని తలచువారు లేరు.

నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆలేరు సమీపమున శారాజీపేట అను గ్రామము కలదు. అచ్చటి చేనేత కుటుంబమున జన్మించిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి పడు ఈ బాధను చిన్ననాటనుండి చూచెను. ఆరవ తరగతితో అతని చదువు ఆగిపోయినది. యంత్రశాస్త్రము నేర్పినవారు లేరు. 1992లో అతడు ఆసుపోయు యంత్రమును నిర్మింప పూనుకొనెను. సంపాదించినదంతయు కొయ్యముక్కలకు, మోటార్లకు వ్యయమగుచుండగా ఇరుగుపొరుగువారు నవ్విరి. ధనము చాలక నడుమ పని నిలిచిపోయి, బ్రదుకుతెరువునకై హైదరాబాదు చేరవలసి వచ్చెను. అచ్చట బాలానగరు ప్రాంతమున ఒక కర్మాగారములో విద్యుత్తు పనికి పోయినపుడు ఒక యంత్రపు కదలిక అతని కంటబడెను. తన యంత్రములో ఇన్నాళ్లును కుదరని కదలిక అదియే! 1999లో యంత్రము పూర్తియయ్యెను. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమనిరి. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగెను. 2017లో భారత ప్రభుత్వము అతనిని పద్మశ్రీతో సత్కరించెను.

యంత్రము వచ్చినచో చేతిపని చచ్చునని భయపడుట వాడుక. ఆ భయము నిరాధారమైనది గాదు. అయినను ఏ యంత్రము దేనిని తీసికొనుచున్నదో చూడవలెను. ఆసు యంత్రము తీసికొన్నది చేతి పరుగును. ఏ తావున ఎంత బిగువుగా కట్టవలెనో అది నిర్ణయింపదు. రంగుల పొత్తు దానికి తెలియదు. మగ్గముపై పోగును సవరించునది నేటికిని నేతగాని వ్రేలే. తొమ్మిది వేలమారులు చేయి చాచుటలో ఓర్పు కలదు గాని, నూరవ మారునకును తొమ్మిది వేలవ మారునకును నేర్పులో భేదమేమి? ఆ శ్రమను వదలుకొన్న యిల్లాలు చిటికి కట్టుటకు కూర్చున్నచో ఆమె చేతిలోనిది బొమ్మ గీయువాని పని.

ఇట్టిది ఇంతకు పూర్వము జరుగకపోలేదు. మొదట నేతగాడు నాడెను ఒక చేత విసరి మరియొక చేత పట్టుకొనెడివాడు. 1733లో ఇంగ్లాండులో జాన్ కే అనువాడు త్రాడు లాగినచో నాడె తనంతట పరుగెత్తు సాధనమును కనిపెట్టెను. అచ్చటి నేతగాండ్రు తమ కూడు పోవునని మండిపడిరి. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో కోస్తా ఆంధ్రలోని నేతగాండ్రు దానిని విరివిగా స్వీకరించిరి. నేడు ప్రదర్శనశాలలలో ప్రాచీనమైన చేనేతయని జనులు ముచ్చటపడి చూచు త్రాడు మగ్గము ఒకనాడు సరిక్రొత్త యంత్రమే.

నేతగాని నిజమైన గుబులు వేరొకచోట కలదు. చిటికి బొమ్మను తీసికొని, మిల్లు బట్టపై యంత్రముతో అచ్చొత్తి అమ్ముట సులభమైనది. అది శ్రమను తగ్గించుట గాదు; కట్టుట, ముంచుట, సవరించుట అన్నిటిని తొలగించి రూపమును మాత్రము కొనిపోవుట. చూపులకు రెండును ఒకటే. వెల మాత్రము నాలుగవ వంతు కూడ ఉండకపోవచ్చును. అట్టి బట్ట ప్రక్కన పెట్టినపుడు నేతగాడు తన ధర చెప్పుటకే జంకును. కొనువారు బట్టను తిరగవేసి చూచినచో భేదము తెలియగలదు. అద్దకపు బట్ట వెనుకవైపు సాధారణముగా వెలవెల బోవును. చిటికిలో రంగు పోగు లోపలికే ఇంకియుండును గనుక రెండు వైపులను బొమ్మ ఒకే తీరున నుండును. కాని సంతలో బట్టను తిరగవేసి చూచువారెందరు?

ఇప్పుడు కొందరు యువకులు గళ్ల కాగితముపై చేతితో గీయుటకు మారుగా కంప్యూటరుపై బొమ్మలు గీయుచున్నారు. ఒక పువ్వును నూరు తీరుల మార్చి చూచుకొని, నచ్చినదానిని కాగితముపైకి తీసి, చట్రము ప్రక్కన పెట్టుకొందురు. ఆ పిమ్మట నూలు కడకు వచ్చి, గళ్లు లెక్కించుకొనుచు, తాతలు కట్టినట్లే రబ్బరు పేలిక చుట్టి ముడి వేయుదురు. ముడి సరిగా బిగిసినదో లేదో రంగు తొట్టి నుండి నూలు పైకి తీసి విప్పినపుడే తెలియును.