చెక్కడమా, చేర్చడమా?

కార్నియాను చెక్కకుండా, పుట్టుకతో వచ్చిన కటకాన్ని తీయకుండా, ఐరిస్ వెనక మరో పలుచని కటకాన్ని చేర్చి చూపు సరిచేసే పద్ధతి ఐసీఎల్. కొల్లామర్ అనే మెత్తని పదార్థంతో చేసిన ఈ కటకాన్ని మడిచి, సుమారు 3 మిల్లీమీటర్ల గాటు గుండా పంపితే లోపల విచ్చుకుంటుంది. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు కళ్లజోడు వదిలించుకుందామని, లేజర్‌తో కార్నియాను చెక్కే లాసిక్ కోసం వెళ్లి, ‘మీ కంటికి కుదరదు’ అనిపించుకున్న ఐటీ ఉద్యోగులకు డాక్టర్లు తరచు చెప్పే రెండో దారి ఇది.

కుదరకపోవడం వెనక చిన్న లెక్క ఉంది. మామూలు కార్నియా మందం సుమారు 540 మైక్రాన్లు. లాసిక్‌లో ఒక్కో పవర్‌కు దాదాపు 12 మైక్రాన్లు కరిగిపోతాయి. పైపొరను మూతలా లేపడానికి మరో 110 దాకా పోతాయి. అడుగున కనీసం 250 మిగలాలి; 300 ఉంటే తప్ప చేయి పెట్టని డాక్టర్లూ ఉన్నారు. సైట్ మైనస్ 5 అయితే ఇబ్బంది లేదు. మైనస్ 10 ఉండి, కార్నియా 500 మైక్రాన్లే అయితే చివరికి మిగిలేది 270. కాగితం మీద సరిపోయినా, తర్వాత సవరణ అవసరమైతే తావుండదు. అందుకే ఎక్కువ సైట్‌కు చెక్కడం కన్నా చేర్చడం మేలు.

చెక్కే లేజర్‌కు కంప్యూటర్ కంపెనీతో చుట్టరికం ఉండటం విశేషం. 1981లో అమెరికాలోని ఐబీఎం పరిశోధనాలయంలో, మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్, ఆయన సహచరులు పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఎక్సైమర్ లేజర్‌ను ప్రయోగించారు. చుట్టుపక్కల కణజాలం కాలకుండా శుభ్రంగా తెగింది. లాసిక్‌కు పునాది అదే. చేర్చే విద్య అంతకన్నా పాతది. యుద్ధ విమానాల పైకప్పు ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని సహించడం గమనించి, 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ శుక్లం తీసిన కంట్లో తొలి కృత్రిమ కటకం పెట్టాడు. ఐసీఎల్‌కు అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. మొదట్లో కంటి ద్రవం కదలడానికి ఐరిస్‌కు విడిగా రంధ్రం చేయాల్సి వచ్చేది. నడిమధ్య సన్నని రంధ్రమున్న కటకం ఆ పని తప్పించింది.

ఐసీఎల్‌లో కీలకం కొలత. సహజ కటకానికి, దీనికి మధ్య 250 నుంచి 750 మైక్రాన్ల ఖాళీ ఉంటే మంచిది. మరీ తక్కువైతే శుక్లం రావచ్చు. మరీ ఎక్కువైతే కంటిలో ఒత్తిడి పెరగవచ్చు. కార్నియాకు, సహజ కటకానికి మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల లోతుండాలి. కార్నియా లోపొర కణాలు తగినన్ని ఉండాలి. వయసు సుమారు 21–45 మధ్య ఉండి, ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. అవసరమైతే తీసేయొచ్చన్నది దీని ప్రత్యేకతే గానీ, తీయడమూ ఆపరేషనే. రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. అరుదుగా ఇన్ఫెక్షన్ సోకే ముప్పూ ఉంది.

ఐసీఎల్ ఖర్చు లాసిక్ కన్నా బాగా ఎక్కువ. ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం 7.5 కన్నా తక్కువ సైట్‌కు చేసే దిద్దుబాటును పాలసీలు మినహాయించవచ్చు. అంతకు మించిన సైట్ ఉన్నవారు కంపెనీ పాలసీ చదివి చూసుకోవడం మేలు.

గంటల తరబడి ఏసీ గదిలో తెర చూసేవారికి మరో చిక్కు పొడికన్ను. తెర ముందు రెప్ప వేయడం తగ్గి కన్నీటి పొర ఆరిపోతుంది. కార్నియా నరాలను తెంచే లాసిక్ దాన్ని కొన్ని నెలల పాటు ఇంకా పెంచుతుంది. మూత లేపని స్మైల్ అనే లేజర్ పద్ధతిలో ఈ బాధ కొంత తక్కువ.

కార్నియా శంకువులా సాగే కెరటోకోనస్ ఉన్నవారికి లాసిక్ చేయకూడదు. కళ్లు గట్టిగా నలిపే అలవాటు ఆ జబ్బును పెంచుతుంది. వారికి దారి వేరు: సాగుడును ఆపే క్రాస్‌లింకింగ్, గట్టి కాంటాక్ట్ లెన్సులు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు కార్నియా వైద్యంలో దేశవ్యాప్తంగా పేరుంది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు పాతికేళ్ల వయసున్నవారు ఇప్పుడు యాభై దాటారు. వారి సమస్య చత్వారం. సాధారణ ఐసీఎల్ దాన్ని తీర్చదు. చదువుకునే అద్దాలు చాలు. శుక్లం కూడా మొదలైతే దాన్ని తీసి మల్టీఫోకల్ కటకం పెట్టించుకోవచ్చు. 2018లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటివెలుగు పథకం ఊరూరా కళ్లజోళ్లు పంచింది. ఏ ముప్పూ లేని దిద్దుబాటు ఇప్పటికీ కళ్లజోడే.

ఆపరేషన్ దిద్దేది పవర్‌నే. మైనస్ 10 ఉన్న కన్ను ఐసీఎల్ తర్వాత కూడా పొడవుగా సాగిన కన్నే. దాని రెటీనా పలచగానే ఉంటుంది, చిరిగే అవకాశమూ పోదు. అద్దాలు మానేసినవారు సైతం ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కలు కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.