సావనదుర్గ: ఫస్ట్ టైమ్ బండ ఎక్కేవాళ్ళకి ఒక్క రోజు ట్రిప్

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ట్రెక్కింగ్ అంటే మెట్లెక్కడం, మట్టి దారిలో నడవడం అయిపోయింది. కొంచెం కిక్ ఉండేది చెప్పు, కానీ తాడు, హెల్మెట్ లాంటి సామాన్లు కొనలేం" అని. దానికి నా సమాధానం సావనదుర్గ. బెంగళూరులో ఉండే మనవాళ్ళకైతే పొద్దున వెళ్ళి సాయంత్రానికి రూమ్‌కి వచ్చేయొచ్చు.

ముందు ఒక మాట అర్థం చేసుకుందాం. నడిచి ఎక్కితే ట్రెక్కింగ్, తాడు కట్టుకుని ఎక్కితే క్లైంబింగ్. ఈ రెండింటి మధ్యలో, అక్కడక్కడా చేతులు కూడా ఆనించి పాకుతూ ఎక్కేదాన్ని స్క్రాంబ్లింగ్ అంటారు. సావనదుర్గలో దారి మొత్తం దాదాపు ఇదే.

ఇది బెంగళూరుకి పడమర వైపు, సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, మాగడి దగ్గర ఉంటుంది. ఎత్తు సముద్ర మట్టం నుంచి 1,226 మీటర్లు. కొండ అంటే మట్టీ చెట్లూ అనుకోకండి, ఇదంతా ఒకే గ్రానైట్ బండ. నల్లగా ఉండేదాన్ని కరిగుడ్డ అని, తెల్లగా ఉండేదాన్ని బిలిగుడ్డ అని అంటారు. మామూలుగా మనం ఎక్కేది కరిగుడ్డ. కింద వీరభద్రస్వామి గుడి, నరసింహస్వామి గుడి ఉన్నాయి. పైన నంది మండపం. మధ్యలో పాత కోట గోడలు కనిపిస్తాయి. 1791లో టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేస్తూ కారన్‌వాలిస్ సైన్యం పట్టుకున్న కోట ఇదే. ఫిరంగులతో ఈ బండ కింద నిలబడ్డ సిపాయిల మొహాలు ఎలా ఉండి ఉంటాయో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

సరే, ఇప్పుడు అసలు విషయం. కింద నిలబడి చూస్తే "ఇది జారుడుబండ కదరా, ఎలా ఎక్కాలి?" అనిపిస్తుంది. ఎక్కొచ్చు. గ్రానైట్ దూరం నుంచి నున్నగా కనిపించినా చెయ్యి పెడితే గరుకుగా ఉంటుంది. మీ షూ రబ్బరు ఆ గరుకుని పట్టుకుంటుంది. ఆ పట్టు ఎంత అనేది మీ బరువు పాదాల మీద ఎంత గట్టిగా పడుతుందో దాన్ని బట్టి ఉంటుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు ఇక్కడే. భయంతో బండని కౌగిలించుకుంటారు. ఒళ్ళు బండ మీదకి వాలగానే బరువు పాదాలని కిందికి నొక్కకుండా వెనక్కి తోస్తుంది, కాలు జారుతుంది. నిటారుగా నిలబడండి, నడుము బండకి దూరంగా పెట్టండి, అడుగులు చిన్నవి వేయండి. మనసు ఒప్పుకోదు, కానీ పది అడుగులు వేశాక మీకే తెలుస్తుంది.

బండ మీద నల్లటి చారలు కనిపిస్తాయి. వాన నీళ్ళు పారే దారులవి, నాచు ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు వాటి మీద ఏ షూ నిలవదు. వాన పడితే ఆ రోజు ట్రిప్ క్యాన్సిల్, ఇందులో బేరాల్లేవు. పైకెళ్ళాక మబ్బు పట్టినా వెంటనే దిగడం మొదలుపెట్టండి.

ఎక్కడం గురించి ఇంతే. దిగడం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా ఫస్ట్ ట్రిప్‌లో మేం భయపడింది అక్కడే.

నలుగురం వెళ్ళాం. పైన ఫొటోలు దిగుతూ టైమ్ చూసుకోలేదు. దిగేటప్పుడు నా రూమ్మేట్ బాణం గుర్తులు వదిలేసి, "ఇటు నుంచి షార్ట్‌కట్‌రా, కింద గుడి కనిపిస్తోంది" అని పక్కకి వెళ్ళాడు. వాడివి అడుగు అరిగిపోయిన రన్నింగ్ షూస్. కొంచెం దూరం బాగానే దిగాడు. తర్వాత ఆగిపోయాడు. కిందికి కాలు పెట్టలేడు, వెనక్కి తిరగలేడు. నేనేమో పైనుంచి "ఏం కాదు, దిగేయ్" అని అరుస్తున్నా. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. అప్పుడు దారిలో మజ్జిగ అమ్ముకునే ఒక పెద్దాయన వచ్చారు. నన్ను నోరు మూసుకోమని సైగ చేసి, వాడితో "కూత్కో, కూత్కో" అన్నారు, అంటే కూర్చో అని. చెప్పుల్లేకుండా వాడి కిందివైపుకి వెళ్ళి నిలబడి, ఒక్కో అడుగూ చూపిస్తూ వాడిని అడ్డంగా, తర్వాత పైకి, మళ్ళీ బాణాల దగ్గరికి తెచ్చారు. అవును, కిందికి కాదు, పైకి.

ఎందుకు పైకి? ఈ కొండ బోర్లించిన గిన్నెలా ఉంటుంది. పైన చదునుగా మొదలై, కిందికి పోయేకొద్దీ నిట్టనిలువుగా అవుతుంది. పైనుంచి చూసేవాడికి ఆ నిలువు భాగం కనిపించదు, దాని అవతల ఉన్న గుడి మాత్రమే కనిపిస్తుంది. అందుకే షార్ట్‌కట్ లాగా అనిపిస్తుంది. బాణాలు గీసింది బండ వాలు తక్కువగా ఉన్న చోట. మీకు తర్వాతి బాణం కనిపించకపోతే, ఆఖరుగా చూసిన బాణం దగ్గరికి వెనక్కి ఎక్కండి. ఎంత అలసిపోయినా సరే. దిగేటప్పుడు మొహం లోయ వైపు పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, పాదం మొత్తం ఆనించి దిగండి. భయమేస్తే కూర్చుని జరగండి, ప్యాంటు చిరిగితే చిరిగింది.

ఇక ప్రాక్టికల్ విషయాలు. బెంగళూరు నుంచి మాగడికి బస్సులున్నాయి, అక్కడి నుంచి ఆటో దొరుకుతుంది. ట్రెక్‌కి అటవీ శాఖ పర్మిషన్, ఆన్‌లైన్ బుకింగ్ రూల్స్ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు చెక్ చేసుకోండి. పొద్దున్నే మొదలుపెట్టండి, పదకొండు దాటితే బండ పెనంలా కాలుతుంది, నీడ దాదాపు ఉండదు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు. చేతులు ఖాళీగా ఉండాలి, కాబట్టి బాటిల్, ఫోన్ అన్నీ బ్యాగ్‌లోనే. సెల్ఫీ కావాలంటే ఆగి, కూర్చుని తీసుకోండి. కోతులున్నాయి, చేతిలో కవర్ కనిపిస్తే లాక్కుంటాయి. ఎక్కడానికి రెండు గంటలు వేసుకోండి, దిగడానికీ అంతే వేసుకోండి.

ఆ రూమ్మేట్ మళ్ళీ వచ్చాడా అంటే, వచ్చాడు. మూడు నెలల తర్వాత, కొత్త షూస్‌తో. కింద మజ్జిగ పెద్దాయన కోసం చాలాసేపు వెతికాం, ఆ రోజు ఆయన రాలేదు. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.