ఆర్కిడ్ మొక్కకు కుండీ మార్చుట: విశాఖ తీరమునకు తగిన పద్ధతి

నిరుటి వానల చివర గాజువాకలో ఒక గృహిణి తమ డెండ్రోబియమ్ ఆర్కిడ్ మొక్కను చూపించిరి. కాడలు ముడుతలు పడి, ఆకులు పసుపు రంగుకు తిరిగియున్నవి. నీరు చాలలేదని తలచి ఆమె దినమునకు రెండు మార్లు పోయుచుండిరి. మొక్కను కుండీ నుండి తీసి చూడగా వేళ్లు గోధుమరంగుకు తిరిగి, నొక్కిన మాత్రమున పై పొర ఊడివచ్చి, దారము వంటి నడిమి పోగు మాత్రమే మిగిలినది. కుండీలోని మిశ్రమము పైన ఎండియున్నను, నడుమ పిండిన నీరు కారునంత తడిగా నున్నది.

"పెద్ద కుండీ అయితే బాగా పెరుగుతుందని పది అంగుళాల దాంట్లో పెట్టానండీ" అని ఆమె చెప్పిరి.

మొక్క దాహముతో ఎండినమాట నిజమే. కాని కుండీలో నీరు లేక కాదు. ఆ నీటిని త్రాగు వేళ్లు లేక.

వేరు స్వభావము

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అనంతగిరి, అరకు అడవులలో ఆర్కిడ్లు చెట్ల బెరడును కరచుకొని పెరుగుట చూడవచ్చును. వీనిని బదనిక జాతిలో చేర్చి పిలుచు వాడుక కలదు. నిజమునకు బదనిక వలె ఇవి చెట్టు రసమును పీల్చవు. ఆశ్రయము మాత్రమే పొందును. వేళ్లపై వెలామెన్ అను స్పంజి వంటి పొర యుండును. వాన పడగనే అది నీటిని పీల్చి ఆకుపచ్చగా మారును. గాలికి ఆరగనే తిరిగి వెండివలె తెల్లబడును. ఇట్లు తడియుట, ఆరుట రెండును ఆ వేరునకు అవసరము. తోటమట్టిలో పాతినచో గాలి అందక కుళ్లిపోవును.

శీతల ప్రదేశముల కొరకు వ్రాసిన పుస్తకములలో స్ఫాగ్నమ్ నాచు మంచిదని యుండును. ఆ నాచు తన బరువునకు అనేక రెట్లు నీటిని పట్టి యుంచును. సముద్రపు తేమగాలి వీచు విశాఖలో, జూను నుండి అక్టోబరు వరకు వానలు కురియునపుడు, ఆ గుణమే కీడు చేయును.

కుండీ ఎంత ఉండవలెను?

కుండీని మొక్క ఎత్తును బట్టి కాక, బ్రతికియున్న వేళ్లను బట్టి ఎంచవలెను. కుళ్లినవి తీసివేసిన పిమ్మట మంచి వేళ్లను దగ్గరకు చేర్చి పట్టుకొనిన, వానికిని కుండీ గోడకును నడుమ ఒక వ్రేలి సందు చాలును. డెండ్రోబియమ్, కాట్లియా వంటివి ప్రక్కకు పిలకలు వేయును గనుక, ముందువైపు మరి రెండు కాడలకు చోటు విడువవలెను. సాధారణముగా పాత కుండీకంటె ఒకటి రెండు అంగుళములు మించరాదు. వేళ్లు చాలవరకు పోయినచో పాతదానికంటె చిన్న కుండీయే తగును. వాండా జాతులకు కొయ్య బుట్ట చాలును, మిశ్రమమే అక్కరలేదు; కాని ప్రతిదినము నీరు చల్లవలెను.

ప్రక్కలకు కూడ రంధ్రములున్న మట్టి కుండీ శ్రేష్ఠము. చిన్న కుండీ గాలికి పడిపోవునను భయమున్నచో, దానిని అడుగున రాళ్లు వేసిన మరియొక పెద్ద కుండీలో నిలుపవచ్చును.

మిశ్రమము

ఆరుబయట వాన తగులు మొక్కలకు కట్టె బొగ్గు రెండు పాళ్లు, ఇటుక ముక్కలు రెండు పాళ్లు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక పాలు కలుపవలెను. వాన తగులని వరండాలో కొబ్బరి పాలు కొంత పెంచవచ్చును. లావు వేళ్లున్న జాతులకు అంగుళము ముక్కలు, డెండ్రోబియమ్‌కు ముప్పాతిక అంగుళము, చిన్న నారుకు పావు అంగుళము సరిపోవును. పొడిని జల్లించి పారవేయవలెను. అది సందులను పూడ్చును.

కొబ్బరి డొక్కలో ఉప్పు, వగరు ఉండును. మూడు దినములు నానబెట్టి, రోజూ నీరు మార్చిన పిమ్మటనే వాడవలెను. తీరమున కొన్నిచోట్ల బోరునీరు ఉప్పగా నుండును గనుక, వాననీటిని పట్టి యుంచుకొనుట లాభకరము.

ఎప్పుడు, ఎట్లు?

కొబ్బరి ముక్కలు చివికి మెత్తబడినను, క్రొత్త కాడ కుండీ అంచు దాటినను మార్పు అవసరము. రెండు మూడేండ్ల కొకసారి ఈ అవసరము కలుగును. పూత ముగిసి, క్రొత్త పిలక అడుగున వేరు మొలకలు పొడచూపునదే సరియైన అదను. సెప్టెంబరు, అక్టోబరు మాసములు తగవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరమును దాటినమాట ఎవరును మరువలేదు. వేరూనని మొక్క గాలివానకు నిలువజాలదు.

కుండీని ముందుగా తడిపి మొక్కను తీయవలెను. వేళ్లు గోడకు అంటియున్నచో వానిని పీకక, కుండీనే పగులగొట్టుట మేలు. గట్టిగా నున్న వేళ్లను ఉంచి, మెత్తబడినవి కత్తిరింపవలెను. ఆర్కిడ్ల వైరసు తెగుళ్లు కత్తికి అంటిన రసము ద్వారా వ్యాపించును గనుక, ప్రతి మొక్కకు ముందు కత్తిని మంటలో కాల్చవలెను. విడదీయునపుడు ఒక్కొక్క భాగమునకు మూడు కాడలకు తక్కువ కాకుండ చూడవలెను. పాత కాడను గోడ ప్రక్కన, క్రొత్త పిలకను నడిమి వైపునకు ఉంచి, పిలక మొదలు కప్పబడకుండ మిశ్రమము నింపి, పుల్లకు గట్టిగా కట్టవలెను. మొక్క ఊగినచో లేత వేరుకొనలు నలిగిపోవును. మొదటి వారము నీడలో నుంచి తేలికగా నీరు చిలకరించిన చాలును. క్రొత్త వేళ్లు సాగు వరకు ఎరువు వేయరాదు.

గాజువాక మొక్కలో కుళ్లినదంతయు తీసివేయగా మూడు కాడలు, నాలుగు మంచి వేళ్లు మిగిలినవి. వానిని నాలుగు అంగుళముల కుండీలో బొగ్గు, ఇటుక ముక్కలతో నిలిపితిమి. ఈ ఏడు వేసవి చివర పిలక వచ్చినది. దాని అడుగున తెల్లని వేళ్లు బయలుదేరినవి.

మీ ఇంట ఆర్కిడ్ వాడినట్లు కనిపించినచో చెంబుతో నీరు తెచ్చుటకు ముందు, మొక్కను కదిపి వేళ్లను చూడుడు.